పిట్టగోడయు బ్రేకు సిలిండరును

చదువవలసిన వాక్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, నిర్గమకాండము 21:28, 29, అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము.

ఇశ్రాయేలీయులు వాగ్దానదేశములో కాలు పెట్టక మునుపు దేవుడు మోషే నోట వారికిచ్చిన కట్టడలలో చాల చిన్నది ఒకటి ఉన్నది. క్రొత్త ఇల్లు కట్టుకొనువాడు మిద్దె చుట్టును పిట్టగోడ పెట్టుకొనవలెను. పెట్టక విడిచినయెడల, పైనుండి ఎవడైన పడి చనిపోయినప్పుడు ఆ రక్తమునకు ఆ యిల్లు ఉత్తరవాది యగును. పది ఆజ్ఞలు కంఠస్థము చేసిన మన పిల్లలలో ఈ కట్టడ నెరిగినవారు కొద్దిమందియే. ప్రసంగములలోను ఇది అరుదుగా వినబడును. దేవుడు ఇటికలను గూర్చియు సున్నమును గూర్చియు మాటలాడునా అని తలంతుము కాబోలు. మాటలాడెను.

మన చిత్తూరు సీమలో మిద్దె ఇండ్ల నెరిగినవారికి దీని భావము చెప్ప నక్కరలేదు. వేసవి రాత్రులలో మిద్దెమీద పండుకొనువారము మనమే, చెనిక్కాయలు ఎండబోయువారము మనమే. అయితే ఒక్క సంగతి గమనింపుడి. ఆ కట్టడ పడువానితో మాటలాడుట లేదు. చూచి నడువుమని చుట్టముతో చెప్పలేదు, ఇల్లు గలవానితో చెప్పెను. ఇంటివానికి తన మిద్దె అంచు చీకటిలోనైనను తెలియును గనుక అతడు పడడు. పడువాడు క్రొత్తగా వచ్చిన చుట్టము, నిద్రమత్తులో లేచిన పసివాడు. తాను ఎన్నడును పడబోని అంచునకు తన డబ్బుతో గోడ కట్టవలెను. ఇది ఆ కట్టడలోని న్యాయము.

ఈ నెల దీనిని గూర్చి వ్రాయుటకు మమ్మును పురికొల్పినది ఒక బండి. చంద్రగిరికి పడమటనున్న పల్లెలలో ఒక సంఘమునకు పాత జీపు పికప్పు ఒకటి ఉన్నది. వారమునకు ఆరు దినములు అది టమాటాలు, మామిడికాయలు, చెనిక్కాయల మూటలు మోయును. వచ్చు బాడుగలో కొంత సంఘపు పెట్టెలో పడును. ఆదివారమున పొరుగు పల్లెలనుండి ముసలివారిని, నడవలేనివారిని ఆరాధనకు తెచ్చును. నొప్పులు పడుచున్న స్త్రీని అర్ధరాత్రి తిరుపతి ఆసుపత్రికి చేర్చినదియు అదియే. ఇటీవల బ్రేకు సరిగా పట్టుటలేదని దానిని షెడ్డుకు తోలినప్పుడు, మెకానిక్కు బండి క్రింద పండుకొని చూచి, "అయ్యగారూ, మాస్టర్ సిలిండర్ అరిగిపోయుండాది. వాషర్ కిట్టు మారిస్తే కొన్నాళ్లు నడుస్తాది. కానీ ఇది ఒంటి లైను బండి. యాడన్నా ఒక్కచోట ఆయిల్ పోయిందంటే నాలుగు చక్రాలకూ బ్రేకుండదు. రెండు లైన్ల సిలిండర్ ఏసుకోండి" అని చెప్పెనట.

సంఘపెద్దలు కూడి ఆలోచించిరి. వారిలో అందరు గౌరవించు ఒక వృద్ధుడు లేచి, "ఇన్నేండ్లు మనల్ని కాపాడిన దేవుడు ఇంకమీద కాపాడడా అయ్యగారూ? మన నమ్మకం దేవుని మీదనా, సిలిండర్ మీదనా?" అని అడిగెను. యౌవనస్థుడొకడు, "దేవుడే మెకానిక్కు నోట చెప్పించినాడేమో పెదనాయనా" అనెను. అందరును నవ్విరి గాని సంగతి తేలలేదు. ఇది విశ్వాసమునకు సంబంధించిన ప్రశ్న గనుక పత్రికలో నాలుగు మాటలు వ్రాయవలసినదని మమ్మును కోరియున్నారు. ఆ సంఘము పేరు ఇక్కడ చెప్పము. ఆ వృద్ధుని ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదని మాత్రము ముందుగనే చెప్పుచున్నాము. అది ప్రార్థించు మనుష్యుని నోట వచ్చిన ప్రశ్న.

బండ్ల సంగతి తెలియనివారికొరకు కొంచెము చెప్పవలెను. డ్రైవరు పెడలును కాలితో నొక్కగా, ఒక కడ్డీ ముందుకు జరిగి, చిన్న ఇనుప గొట్టములోని పిస్టనును తోయును. ఆ గొట్టమే మాస్టరు సిలిండరు. అందులోని బ్రేకు ఆయిలు సన్నని పైపుల గుండ పోయి, ఒక్కొక్క చక్రమునొద్ద ఉన్న చిన్న సిలిండరులో ఒత్తిడి కలిగించును. అక్కడ బ్రేకు షూలు విచ్చుకొని తిరుగుచున్న డ్రమ్మును పట్టుకొనును. మూసియున్న ద్రవమును ఒకచోట నొక్కినయెడల ఆ ఒత్తిడి అన్ని వైపులకు సమానముగా వ్యాపించునను సూత్రమే దీనికి ఆధారము. ఈ సూత్రమును 17వ శతాబ్దములో వివరించినవాడు ఫ్రాన్సు దేశస్థుడగు బ్లేజ్ పాస్కల్ (1623–1662). ఇతడు గొప్ప గణితజ్ఞుడే గాక దేవుని వెదకి కనుగొనిన భక్తుడు. 1654 నవంబరు 23వ తేది రాత్రి తనకు కలిగిన దైవానుభవమును వ్రాసి, ఆ వ్రాతను అంగీలో కుట్టుకొని చనిపోవువరకు తనతో ఉంచుకొనెను. మన జీపు పెడలు క్రింద పనిచేయుచున్నది ఆ భక్తుని సూత్రమే. అతనిని గూర్చి మరల చెప్పవలసివచ్చును.

ఈ ఏర్పాటులో బలమెక్కడ ఉన్నదో బలహీనతయు అక్కడనే ఉన్నది. ఒత్తిడి అంతట సమానముగా వ్యాపించును గనుక ఒక కాలి బలము నాలుగు చక్రములను నిలుపగలదు. అదే కారణముచేత, నాలుగు చక్రములలో ఏ ఒక్కదానియొద్దనైనను రబ్బరు గొట్టము పగిలినను, పైపు తుప్పుపట్టి చిల్లి పడినను, ఒత్తిడి అంతయు ఆ చిల్లిగుండ పోవును. పెడలు నేలను తాకును, బండి ఆగదు. రెండవ ప్రపంచయుద్ధ కాలపు విల్లీస్ జీపులకును, వాటి మాదిరిని పట్టి మహీంద్రా వారు మన దేశములో చేసిన పాత జీపులకును సిలిండరు ఇట్టి ఒంటి గదిదియే. పైగా అది డ్రైవరు పాదముల అడుగున, చట్రమునకు బిగింపబడి ఉండును. ఆయిలు పోయవలెనన్న నేలరేకులోని మూత తీయవలెను. కంటికి కనబడని చోట నుండుటచేత ఆయిలు ఎంత ఉన్నదో నెలల తరబడి చూచువాడుండడు.

రెండు గదుల సిలిండరులో ఒకే గొట్టములో రెండు పిస్టనులు ఒకదాని ముందు ఒకటి ఉండును. ఆయిలు గదులు రెండు, పైపుల వరుసలును రెండు. మామూలుగా ముందు చక్రములకు ఒకటి, వెనుక చక్రములకు ఒకటి. ఒక వరుసలో ఆయిలు అంతయు పోయినప్పుడు ఆ వైపు పిస్టను ఎదురులేక జరిగిపోయి, తగిలిన చోట నిలుచును. అటుపిమ్మట రెండవ వరుసలో ఒత్తిడి పుట్టును. పెడలు చాల దిగువకు పోవును, బండి నిలుచుటకు ఎక్కువ దూరము పట్టును, అయినను నిలుచును. అమెరికాలో 1962లో కాడిలాక్, రాంబ్లర్ కార్లకు ఇది వచ్చెను. 1967 నాటికి షెవర్లే, ఫోర్డు పికప్పులకు వచ్చెను. 1968 జనవరి మొదలుకొని అక్కడి క్రొత్త కార్లన్నిటికి ఇది చట్టమాయెను. పాత పికప్పులను ప్రేమతో కాపాడుకొనువారు ఆ దేశములో మొట్టమొదట మార్చు భాగములలో ఇది ఒకటి. బండి పాతదైనందున దాని రూపమును అట్లే ఉంచుకొందురు. సిలిండరును మాత్రము మార్చుదురు.

చంద్రగిరి కోటను చూచినవారికి ఇది సులభముగా బోధపడును. అక్కడ రాజులు దిగువను ఒక కోట, కొండమీద ఒక కోట కట్టుకొనిరి. క్రింది కోట పడినను అంతయు పోకూడదని వారి ఆలోచన. వారు భయస్థులై కట్టిరని ఎవరును అనరు.

ఇప్పుడు ఆ వృద్ధుని ప్రశ్నకు వత్తము. రెండవ ఏర్పాటు చేసికొనుట అవిశ్వాసమా?

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయమును ఈ ప్రశ్న మనస్సున ఉంచుకొని చదువుడి. పౌలు ఎక్కిన ఓడలో 276 మంది ఉండిరి. ప్రయాణము అపాయకరమని పౌలు ముందుగనే హెచ్చరించెను. శతాధిపతి అతని మాట కంటె నావికుని మాటయు ఓడ యజమానుని మాటయు నమ్మెను. తుపాను పట్టిన తరువాత దేవుని దూత పౌలునకు ప్రత్యక్షమై, ఓడ పోవును గాని ప్రాణము ఒక్కటియు పోదని వాగ్దానము చేసెను. ఇంతకన్న స్పష్టమైన వాగ్దానము మనలో ఎవరికి దొరికినది? చక్రము పైపు పగలదని మన బండిని గూర్చి ఏ దూతయు చెప్పలేదు. అట్టి వాగ్దానము కలిగియున్న ఓడలో ఏమి జరిగెను? రాళ్లకు తగులుదుమేమో అని ఓడ వెనుకనుండి లంగరులు వేసిరి. ఒకటి కాదు, నాలుగు. వాగ్దానము ఉన్నది గదా, ఇన్ని లంగరులు ఎందుకని పౌలు వారిని గద్దింపలేదు. ఓడవారు పడవ దింపుకొని పారిపోజూచినప్పుడు, వీరు ఓడలో ఉండనియెడల మీరు తప్పించుకొనలేరని అతడే సైనికులతో చెప్పెను. దేవుడు కాపాడుదునన్నాడు, పనివారు ఓడలో ఉండవలెననియు అన్నాడు. పౌలునకు ఈ రెండును ఒకదానికొకటి విరోధముగా కనబడలేదు. నాలుగవ లంగరు విశ్వాసమును తగ్గింపలేదు.

దీనికి ఎదురుగా ఇంకొక స్థలము ఉన్నది. అపవాది ప్రభువును దేవాలయ శిఖరముమీద నిలువబెట్టి, దేవదూతలు ఎత్తిపట్టుకొందురు గనుక క్రిందికి దుముకుమనెను. వాక్యము ఎత్తి చూపియే అడిగెను. ప్రభువు దుమికియుండినయెడల లోకులు దానిని గొప్ప విశ్వాసమని పొగడియుందురు. ఆయన దానిని దేవుని శోధించుట అనెను. మెట్లుండగా దుముకుట విశ్వాసము కాదని మేము దీనివలన నేర్చుకొనుచున్నాము. రెండు గదుల సిలిండరు అంగడిలో లేని కాలమున, ఒంటి సిలిండరు బండిలో ప్రార్థించి బయలుదేరిన మన పెద్దలు విశ్వాసులే. వారికి మెట్లు లేవు. మనకు ఉన్నవి.

ఇక్కడ ఆ వృద్ధుని మాటలోని సత్యమును మరువరాదు. ఇన్నేండ్లు దేవుడు కాపాడెను. నిజమే. అయితే కాపాడబడిన సంవత్సరములను మనము ఎట్లు చదువవలెను? ఒకడు వాటిని చూచి, ఇంతకాలము పగలని పైపు ఇకమీదటను పగలదనును. పైపు ఆలోచన వేరు. బ్రేకు ఆయిలునకు గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము ఉన్నది. ఆ తేమ సిలిండరు లోపలి గోడను, పైపులను సంవత్సరమునకు కొంచెము చొప్పున తినివేయును. కాపాడబడిన ప్రతి సంవత్సరమును ఆ ఇనుము పలుచనగుచునే వచ్చినది. కృతజ్ఞత చెల్లించుటకు ఆ సంవత్సరములు చాలును, రేపటికి హామీగా చూపుటకు చాలవు.

మెకానిక్కు నోటి మాటను గూర్చి ఆ యౌవనస్థుడు నవ్వుచు చెప్పినది ధర్మశాస్త్రములో చాల గంభీరముగా వ్రాయబడియున్నది. ఎద్దు ఒకనిని పొడిచి చంపినయెడల ఎద్దును చంపవలెను, యజమానుడు నిర్దోషి. అయితే ఆ ఎద్దు ఇదివరకే పొడుచునదై, ఆ సంగతి యజమానునికి తెలుపబడియు అతడు దానిని కట్టియుంచనియెడల, యజమానుడును మరణమునకు పాత్రుడు. ఎద్దు అదే, పోటు అదే, చచ్చినవాడును అంతే. యజమానుని చెవిని పడిన మాటచేత అతని స్థితి మారెను. ఆ మాట చెప్పినవాడు ప్రవక్తయా, పొరుగువాడా, నూనె చేతుల మెకానిక్కా అని శాస్త్రము అడుగుట లేదు. షెడ్డునుండి బండి తిరిగి వచ్చిన దినమున ఆ సంఘము పోయినప్పటి సంఘము కాదు, తెలిసికొనిన సంఘము. ఈ భేదము మనకు కష్టముగా నుండును. ఏమియు చేయకుండుట అంటే ఎప్పటివలెనే ఉండుట అని మనము అనుకొందుము.

చంద్రగిరినుండి రంగంపేట మీదుగా పీలేరు, మదనపల్లె పోవు దారిలో భాకరాపేట కనుమ ఉన్నది. ఆ మలుపులు మీలో అనేకులకు తెలిసినవే. 2022 మార్చి 26వ తేది రాత్రి నిశ్చితార్థమునకై ధర్మవరమునుండి బయలుదేరిన పెండ్లివారి బస్సు ఆ కనుమలో లోయలో పడగా పలువురు ప్రాణములు పోగొట్టుకొనిరి. దాని కారణమును తీర్పుతీర్చుట మా పని కాదు. సిలోయము గోపురము మీదపడి చనిపోయిన పదునెనిమిది మంది తక్కినవారికంటె అపరాధులని తలంపవద్దని ప్రభువు సెలవిచ్చెను. ఆయన ఆ వార్త తెచ్చినవారి ముఖములను వారివైపే త్రిప్పెను. మనమును ఆ కనుమను మన బండితో దిగవలసినవారము గనుక మాత్రమే దానిని జ్ఞాపకము చేయుచున్నాము.

అసలు ప్రశ్న బండిలో ఎవరు కూర్చున్నారనునది. పాస్కల్‌ను గూర్చి మరల చెప్పుదుమంటిమి. దేవుడున్నాడని నమ్మి జీవించుట ఒక పందెమువంటిదనియు, ఆ పందెమున బుద్ధిమంతుడు దేవుని పక్షముననే నిలుచుననియు ఆయన వ్రాసెను. ఈ మాటను మెచ్చనివారును ఉన్నారు. అయినను ఒకటి చూడుడి: ఆ పందెమున మనిషి ఒడ్డునది తన జీవితమునే. పొరుగువాని ప్రాణమును ఒడ్డి నేను విశ్వాసినని చెప్పుకొనుటకు పాస్కల్ చోటియ్యలేదు. దావీదు సంగతియు అట్టిదే. బేత్లెహేము బావి నీళ్ల కొరకు అతడు ఆశపడగా, ముగ్గురు బలాఢ్యులు శత్రువుల దండును చీల్చుకొనిపోయి తెచ్చిరి. దావీదు త్రాగలేదు. ప్రాణములకు తెగించి తెచ్చిన ఆ నీళ్లను వారి రక్తముగా ఎంచి యెహోవా సన్నిధిని పారబోసెను. వారు తమంతట తామే పోయినవారు. మన పికప్పు వెనుక కూర్చున్న అవ్వ తమంతట తాము తెగించినది కాదు. ఆమెకు బ్రేకు లైనులు ఎన్నియో తెలియదు. అయ్యగారు పంపిన బండి అని ఎక్కినది. అవసరమైతే ఆ వృద్ధుడు తన ప్రాణమును దేవునిచేతికి అప్పగించి ఒంటరిగా ఆ బండిలో పోవచ్చును. ఆయన విశ్వాసమును మేము ప్రశ్నింపము. అవ్వ ప్రాణమును అప్పగించు అధికారము ఆయనకు ఎవరిచ్చిరి?

ఖర్చును గూర్చి కొందరు అడిగియున్నారట. ప్రార్థన మందిరపు కప్పు కారుచున్నది, ముందు దానిని చూడవలెనని. కప్పు కారినయెడల తడియుదుము. దీనిమీద ఇంతకంటె వ్రాయనక్కరలేదు.

చేతి బ్రేకు ఉన్నది గదా అని మరియొకరు. పాత జీపులలో చేతి బ్రేకు చక్రములను పట్టదు. గేరు పెట్టె వెనుక, ఇరుసునకు పోవు షాఫ్టును పట్టును. నిలిచియున్న బండిని నిలిపియుంచుటకు అది చేయబడినది. బరువుతో పల్లమున దిగుచున్న బండిని ఆపుటకు దానినే నమ్ముకొనుట పిట్టగోడకు బదులు పగ్గము కట్టుటవంటిది.

అయితే రెండు గదుల సిలిండరు వేయించిన తరువాతనే ఒక క్రొత్త అపాయము పుట్టును. దానిని గూర్చి చెప్పువారు తక్కువ గనుక కొంచెము విస్తరించి వ్రాయుచున్నాము. ఒంటి సిలిండరు చెడినప్పుడు దాచిపెట్టదు. పెడలు నేలకు పోవును, ఆ దినమున అందరికి తెలియును. రెండు గదుల సిలిండరులో ఒక వరుస చెడినను బండి ఎట్లో నిలుచును. పెడలు దిగువకు పోవుచున్నదని డ్రైవరునకు తెలియును, రెండుసార్లు కొట్టిన పట్టుచున్నదనియు తెలియును. "ఆగతా ఉండాది గదా, పంట కాలం పోయినాంక చూస్తాం" అనును. ఆ దినమునుండి అతడు తోలుచున్నది మరల ఒంటి లైను బండియే, అదియు సగము బలము గలది. ముందు చక్రముల వరుస పోయినదైతే సగమునకంటె తక్కువ. ఏలయనగా బ్రేకు పట్టినప్పుడు బండి బరువు ముందుకు ఒరుగును, ఆపు పని ఎక్కువ భాగము ముందు చక్రములదే. మనలను నిలువబెట్టుటకు ఇయ్యబడిన రెండవ త్రోవను మనము ఆలస్యము చేయుటకు వాడుకొందుము. దేవుని దీర్ఘశాంతమును మనుష్యులు ఇట్లే వాడుకొందురని పౌలు రోమా సంఘమునకు వ్రాసిన రెండవ అధ్యాయములో బాధపడెను. ఆయన సహనము మనలను మారుమనస్సునకు నడిపింపవలసినది. దానిని ఇంకొక వాయిదాగా ఎంచుకొందుము. అందువలన ఒక వరుసలో ఒత్తిడి తప్పినప్పుడు డ్రైవరు ఎదుట ఎఱ్ఱ దీపము వెలుగు ఏర్పాటును కూడ వేయింపవలెను. ఆ దీపపు తీగెను పీకివేసి బండి తోలువారిని చూచియున్నాము. వారికి రెండు గదుల సిలిండరు ఎందుకు?

ఇది తప్పింపలేని అపాయమును ఒకటి ఉన్నది. కనుమ దిగునప్పుడు పెడలుమీద కాలు తీయక నొక్కియుంచినయెడల డ్రమ్ములు కాలును, ఆ వేడి ఆయిలునకు తగులును. సాధారణముగా వాడు డాట్ 3 ఆయిలు క్రొత్తదైనప్పుడు 205 డిగ్రీల సెంటిగ్రేడు వరకు మరుగకుండ ఉండవలెనని కొలత. తేమ పట్టిన పిమ్మట ఆ కొలత 140 డిగ్రీలకు దిగును. మరిగిన ఆయిలులో ఆవిరి పుట్టును. ఆవిరి నొక్కిన కుదించుకొనును గాని ఒత్తిడిని మోయదు. అప్పుడు గదులు రెండున్నను రెండును ఒకేసారి విఫలమగును. దీనికి సిలిండరు మందు కాదు. ఏ గేరులో ఎక్కవలసినదో ఆ గేరులోనే దిగవలెను, ఆయిలును రెండేండ్లకొకసారియైన మార్పింపవలెను. డీజిలు మిగులునని ఇంజను ఆపి, న్యూట్రలులో పల్లము దిగువారు మన పల్లెలలో ఉన్నారు. ఆ మిగిలిన డీజిలు వెల ఎంతయో లెక్కవేసి, వెనుక కూర్చున్నవారి సంఖ్యచేత భాగించి చూచుకొనవలెనని వారిని వేడుకొనుచున్నాము.

సరుకుల బండిలో మనుష్యులను ఎక్కించుట చట్టమునకు విరుద్ధమని ఎవరైన మాకు వ్రాయుదురు. వారికంటె ముందుగా మేమే వ్రాయుచున్నాము. బ్రేకు ఎంత మంచిదైనను, కన్వెన్షను కూటములకు ఇరువది ముప్పదిమందిని వెనుక నిలువబెట్టి పోవుటను అది న్యాయముగా చేయదు. ముసలివారిని ఆరాధనకు తెచ్చుటకు ఆటో మాట్లాడుకొనుటయో, సీట్లుగల బండిని ఏర్పరచుకొనుటయో సంఘము ఆలోచింపవలసినది. పికప్పు సరుకులే మోసినను దాని ఎదుట రోడ్డుమీద బడిపిల్లలు ఉందురు గనుక సిలిండరు మాట తప్పదు.

పని చేయించువారికి ఒకటి రెండు మాటలు. తరువాతి కాలపు బండ్ల సిలిండరును పాత జీపునకు అమర్చునప్పుడు లోపలి గొట్టపు వెడల్పు చూచుకొనవలెను. వెడల్పు ఎక్కువైన పెడలు గట్టిపడి కాలికి బలము చాలదు, తక్కువైన పెడలు మెత్తనై నేలవరకు దిగును. డ్రమ్ము బ్రేకులకు చేసిన సిలిండరు వేరు, డిస్కు బ్రేకులకు చేసినది వేరు. పాత పైపులను, రబ్బరు గొట్టములను అట్లే ఉంచి సిలిండరు మాత్రము మార్చుట పాత బట్టకు క్రొత్త మాసిక వేయుటయే. క్రొత్త ఒత్తిడికి పాత పైపు చినుగును. గాలి పూర్తిగా తీసిన తరువాత ఖాళీ బండితో చదునైన దారిలో పరీక్షించి, ఆ మీదటనే బరువు ఎక్కింపవలెను. నెహెమ్యా కాలమున యూదులు ప్రార్థనయు చేసిరి, కావలియు పెట్టిరి; గోడ పని ఒక చేత, ఆయుధము ఒక చేత పట్టుకొనిరి. షెడ్డులో నిలుచుండి పని చూచుకొనుట పెద్దలకు చిన్నతనము కాదు.

కడపట, ఊడదీసిన పాత సిలిండరు సంగతి. దానిని పాత ఇనుము కొనువాడు అడుగును, లేక పొరుగూరి జీపు గలవాడెవడైన, "అన్నా, నాకియ్యి, కిట్టేసుకొని కొన్నాళ్లు తోలుకుంటా" అని తక్కువ వెలకు అడుగును. పేదవాడు గదా అని ఇచ్చివేయబుద్ధి పుట్టును. మనకు పనికిరాదని తెలిసికొనిన దానిని అతని పిల్లల క్రింద పెట్టుట దానము కాదు. అతనికి నిజము చెప్పి, వీలైనయెడల క్రొత్తదానికి సంఘము కొంత సాయము చేయవలెను. పాతదానిని తూకమునకే అమ్మవలెను. అమ్ముటకు ముందు సుత్తితో దాని నోరు చితుకగొట్టి మరల బిగించుటకు వీలులేకుండ చేయవలెను.